పొంగు తగ్గిన పడకలు: వాడరేవు గాలిలో దూది, బూరుగు, బాతు నూగు

వాడరేవు నుంచి బాపట్ల మీదుగా రేపల్లె దాకా, లోపలికి వస్తే తెనాలి దాకా, పడకల గురించి ఇళ్ళల్లో వినిపించే ఫిర్యాదు ఒకటే: మెత్తదనం పోయింది. పత్తి పరుపు అట్టకట్టింది. సారెలో వచ్చిన బూరుగు దూది దిండ్లు సగానికి సగం దిగిపోయాయి. బొంతలో దూది ఒక మూలకి చేరి మిగతాదంతా వట్టి గుడ్డే మిగిలింది. వీటికి ఈమధ్య కాలంలో ఇంకొకటి తోడైంది. హిమాలయాల ట్రెక్కింగ్ కోసమో, లంబసింగి చలి చూసి రావడం కోసమో కొన్న డౌన్ స్లీపింగ్ బ్యాగుని ఏడాది తర్వాత బీరువాలోంచి తీస్తే పలచగా, ముద్దగా, ముక్క వాసనతో బయటికి వస్తోంది. వేలకి వేలు పోసి కొన్న వస్తువు దుప్పటికి తక్కువైపోయిందని బాధపడేవాళ్ళు మా ప్రాంతంలో ఇప్పుడు తక్కువేమీ లేరు.

సలహాలకి కొదవ లేదు. ఎండలో వెయ్యమంటారు, కర్రతో దులపమంటారు, ఏకించమంటారు, ఉతకమంటారు, డ్రై క్లీనింగుకి ఇమ్మంటారు, అన్నీ పారేసి ఫోము కొనుక్కోమంటారు. వీటిలో ప్రతి సలహా ఏదో ఒక పడకకి సరైనదే, మరో పడకని మాత్రం పాడుచేస్తుంది. పత్తికి మేలు చేసే దెబ్బ డౌన్ సంచుల్లో ఉండే బాతు నూగుని చంపేస్తుంది. నూగుకి ప్రాణం పోసే నీళ్ళు బూరుగు దూదిని ఎందుకూ పనికిరాకుండా చేస్తాయి. అందుకే ఈ ప్రశ్నని ఒక్కో వస్తువుకి విడివిడిగా కాకుండా మొత్తంగా చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన తీరంలో పడకల పొంగు తీసేసే మొదటి శత్రువు తేమ. ఆ తేమని వదలకుండా పట్టి ఉంచేవి ఉప్పు, ఒంటి జిడ్డు. వయసు, వాడకం వాటి తర్వాతే వస్తాయి. ఈ సంగతి గుర్తిస్తే మనం పారేస్తున్న పడకల్లో చాలావాటిని బాగుచేసుకోవచ్చు.

పడకలో వెచ్చదనం ఇచ్చేది దూదీ కాదు, ఈకా కాదు. వాటి మధ్య కదలకుండా నిలిచిన గాలి. నిశ్చలంగా ఉన్న గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. నీరు అంతకంటే 20 రెట్లకి పైగా వేగంగా దాటనిస్తుంది. దూదిపోగుల పని, ఈకల పని ఆ గాలిని చిన్న చిన్న ఖాళీల్లో బంధించి ఉంచడం. పొంగు తగ్గిందంటే ఆ ఖాళీలు మూసుకుపోయాయన్నమాట. తేమ చేరిందంటే గాలి ఉండాల్సిన చోటికి నీరు వచ్చిందన్నమాట. పడక బాగుచేయడం అంటే ఆ ఖాళీల్ని మళ్ళీ తెరవడమే. పోగులు విరగనంత వరకూ అది సాధ్యం.

ఇక మన గాలి సంగతి. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి పగటి ఉక్కపోత ఒక్కటే గుర్తుంటుంది. పడకలకి నష్టం చేసేది తెల్లవారుజాము. ఆ వేళ గాలిలో తేమ 80 శాతం దాటడం మనకి మామూలు. తేమ 65 శాతం ఉన్న గాలిలో పత్తి తన బరువులో 7, 8 శాతం నీరు పీల్చుకుని ఉంటుంది. 10 కిలోల పరుపులో ముప్పావు కిలో నీరు ఎప్పుడూ కాపురం ఉంటుందన్నమాట. గాలి తేమ 90 దాటితే ఆ నీరు దాదాపు రెట్టింపు అవుతుంది. దీనికి ఉప్పు తోడవుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు అంతకంటే చాలా తక్కువ తేమకే నీరు పడతాయి. కెరటాల తుంపర గాలితో వచ్చి ఇళ్ళలో పడే ఉప్పు ఒకటి, మన చెమటలోంచి పడకలోకి దిగే ఉప్పు ఒకటి. రాత్రి నిద్రలో మనిషి ఒంటి నుంచి, ఊపిరి నుంచి సుమారు పావు లీటరు నీరు ఆవిరవుతుంది. అందులో కొంత పడకలోనే ఆగుతుంది. నీరైతే ఎండకి పోతుంది, ఉప్పు పోదు. అందుకే వాడరేవులో మధ్యాహ్నమంతా ఎండలో వేసిన దిండు కూడా మర్నాటి ఉదయానికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. హైదరాబాదు వాళ్ళకి పనిచేసిన ఎండ వైద్యం మనకి సగమే పనిచేయడానికి కారణం ఇది.

పత్తితో మొదలుపెడదాం. మా తీరంలో ఈ విద్యకి అసలైన పండితులు పత్తి దగ్గరే ఉన్నారు కనుక.

పత్తిపోగు మెలి తిరిగిన చదునైన పట్టీలా ఉంటుంది. దానికి వంగే గుణం ఎక్కువ, తిరిగి లేచే గుణం తక్కువ. ఒంటి బరువు, వేడి, తేమ కలిసి రోజూ పడుతుంటే పోగులు వంగిన చోటే నిలిచిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. దాన్నే మనం అట్టకట్టడం అంటాం. ఎండలో వేస్తే నీరు పోయి కొంచెం లేస్తుంది, అంటుకున్న పోగులు మాత్రం విడవవు. వాటిని విడదీయాలంటే ఏకాల్సిందే. దూదేకులవారు తరతరాలుగా చేసిన పని ఇదే. ఈ తీరంలో నూర్‌బాషా అని, ఇతర చోట్ల పింజారి, లద్దాఫ్ అని పిలిచే ఈ వృత్తివారు తెలుగు మాట్లాడే ముస్లింలు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో బి గ్రూపులో ఉన్నారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్య ఈ కులంవాడే.

వాళ్ళ పనిముట్టు మనిషి నిలువంత పెద్ద విల్లు. బిగించిన నారిని దూది కుప్పలో తేలేలా పట్టుకుని కొయ్యగుండుతో కొడతారు. నారి అదురుకి గడ్డలు విచ్చుకుంటాయి, పోగులు ఎగిరి పక్కకి పడతాయి, గింజ ముక్కలు, మట్టి కిందికి రాలతాయి. ఇందులో దూదిని లాగి చింపడం ఉండదు. అదురుతోనే విడదీయడం ఉంటుంది. అందుకే పోగు పొడవు తగ్గదు. ఇప్పుడు వీధుల్లోకి ఆటోల మీద వచ్చే మోటారు యంత్రాల్లో ముళ్ళున్న రోలరు తిరుగుతుంది. విల్లుతో ఒక పూట పట్టే పని అది గంటలో చేసిపెడుతుంది. పాత దూదిలో పోగుల్ని విరిచి దుమ్ము కూడా ఎక్కువ చేస్తుంది. యంత్రంలో ఒకసారి ఏకిన పరుపు బాగుంటుంది. అదే దూదిని మళ్ళీ మళ్ళీ యంత్రంలో వేస్తే పొట్టి పోగులే మిగిలి త్వరగా అట్టకడుతుంది. ఏకించిన ప్రతిసారీ కొంత కొత్త దూది కలపమని పరుపులు కుట్టేవాళ్ళు అడిగేది అందుకే. అది అమ్మకం కోసం చెప్పే మాట అని అనుమానించనక్కర్లేదు. దుమ్ముగా పోయిన బరువుని పూడ్చకపోతే గలీబులో దూది వదులై ఒక మూలకి జారిపోతుంది.

తర్వాతి పని కూడా ఏకడమంత ముఖ్యమైనదే. ఏకిన దూదిని గలీబులో పొరలు పొరలుగా సమంగా పరిచి, దబ్బనంతో పురికొస వేసి అక్కడక్కడా ఈ పక్క నుంచి ఆ పక్కకి కుట్లు వెయ్యాలి. ఆ కుట్లే దూదిని కదలకుండా పట్టుకునేవి. మరీ బిగించి కుడితే ఆ చోట దూది మళ్ళీ అణిగిపోతుంది. మరీ దూరం కుడితే జారుతుంది. చేయి తిరిగినవాడి పనికి, కొత్తవాడి పనికి తేడా ఏకడంలో కంటే ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. పరుపు ఏకించేటప్పుడు దూది తూకం ముందూ వెనకా వేయించుకోండి, కుట్లు దగ్గరుండి చూసుకోండి.

పోగుని గాయపరచకుండా విడదీయడం ఎంత సూక్ష్మమైన పనో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు చూడాలి. అక్కడ ఖద్దరు నూలు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళు చెత్తని తీసి పోగుల్ని ఒక దిక్కుకి తెస్తాయి. నూలు వడకడానికి పోగులు ఒకే దిక్కుకి ఉండాలి, పరుపుకి అన్ని దిక్కులకీ చెదిరి ఉండాలి. దువ్వెన ఒకదానికి, విల్లు ఇంకొకదానికి కావడం అందువల్లే.

ఈ వృత్తికి ఒక ఖరీదుంది. పత్తి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి బైసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మిల్లుల్లో ఏకే విభాగాల్లో పనిచేసేవాళ్ళలో దీన్ని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. వీధిలో మన గుమ్మం ముందు ఏకేవాళ్ళు మూతికి తుండుగుడ్డ ఒకటి చుట్టుకుని అదే దుమ్ములో కూర్చుంటున్నారు. పని చేయించుకునేవాళ్ళు ఒక మంచి మాస్కు ఇవ్వడం, గాలి తగిలే ఆరుబయట చోటు చూపించడం దయ కింద లెక్క కాదు. అది మన బాధ్యత.

పత్తి పరుపు బాగుపడని సందర్భం ఒకటుంది. వరద నీటిలో మునిగినది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణా వరద కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల్ని ముంచెత్తింది. అలాంటప్పుడు పరుపులు గట్ల మీద, డాబాల మీద ఎండబెట్టుకుని మళ్ళీ వాడుకున్న కుటుంబాలు ఎన్నో. కష్టం తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పు పట్టరు. నిజం మాత్రం చెప్పాలి. మందపాటి పరుపు లోపలి పొర ఆరడానికి రోజులు పడుతుంది, బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. మురుగు కలిసిన నీరైతే ఎండ దాన్ని శుభ్రం చేయలేదు. ఏకితే ఆ బూజు దుమ్ము ఇల్లంతా చేరుతుంది. వరద సాయంలో బియ్యం, దుప్పట్లతో పాటు పరుపుకి సరిపడా దూది, గలీబు గుడ్డ కూడా చేర్చాలని ఎవరూ అనుకోవడం లేదు. చేర్చాలి. ఆ దూదిని ఏకి కుట్టే పని కూడా ఊళ్ళోవాళ్ళకే దక్కుతుంది.

బూరుగు దూది సంగతి వేరు. దిండ్లలో ఎక్కువగా వాడేది తెల్ల బూరుగు, అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి లోకమంతా పాకిన చెట్టు. ఎర్రపూల కొండ బూరుగు మన అడవులది. తెల్ల బూరుగు పోగు లోపల బోలు గొట్టం. పోగు ఘనపరిమాణంలో దాదాపు 80 శాతం గాలే. పైన మైనపు పూత ఉంటుంది, నీరు అంటదు. నురుగు ప్లాస్టిక్కులు రాకముందు ఓడల్లో ప్రాణరక్షక కోట్లు ఈ దూదితోనే నింపేవారు. మన తేమని తట్టుకోవడంలో పత్తి కంటే ఇది ఎంతో మేలు. దీని బలహీనత పెళుసుదనం. బరువు పడి గొట్టం ఒకసారి నలిగిందంటే మళ్ళీ గుండ్రంగా లేవదు. యంత్రంలో వేస్తే పొడి అయిపోతుంది. ఉతికితే ఉండలు కడుతుంది. చేయగలిగింది గలీబు విప్పి, చేత్తో గడ్డలు విడదీసి, గాలి లేని చోట పలచని గుడ్డ కింద ఎండబెట్టి, కొత్త దూది మూడో వంతు కలిపి మళ్ళీ నింపడం. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. సంక్రాంతికి ముందు చలి ఎండలో దిండ్లు డాబా మీద వేసి తట్టే అలవాటు దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు డౌన్. బాతుల, పెద్దబాతుల పొట్ట కింద, పై ఈకల అడుగున పెరిగే నూగు ఇది. మామూలు ఈకకి ఉండే కాడ దీనికి ఉండదు. నడిమి నుంచి అన్ని వైపులకీ సన్నని పోగులు, వాటి మీద ఇంకా సన్నని పోగులు విచ్చుకుని ఉంటాయి. నొక్కితే అణిగి వదిలితే లేచే గుణంలో దీనికి సాటి వచ్చే పీచు మనిషి ఇంకా చేయలేదు. నాణ్యతని ఫిల్ పవర్ అనే అంకెతో చెబుతారు. 800 అంటే ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు 800 ఘనపు అంగుళాలు, సుమారు 13 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 550, 650 అంకెలున్నవి అంత పొంగవు, కొంత చవక. ప్రపంచంలో అమ్ముడయ్యే నూగులో చాలా భాగం చైనా నుంచి, మాంసం కోసం పెంచే బాతుల నుంచి వస్తుంది.

దీని చరిత్రని రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. 1922లో ఎవరెస్టు ఎక్కబోయిన జార్జి ఫించ్ బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు నింపిన కోటు కుట్టించుకున్నాడు. తోటివాళ్ళు మొదట నవ్వారు, చలికి తర్వాత అసూయపడ్డారు. 1940లో అమెరికాలో ఎడ్డీ బాయర్ డౌన్ జాకెట్టుకి పేటెంటు తీసుకున్నాడు. తెలుగువాళ్ళకి ఈ వస్తువుతో దగ్గరి పరిచయం కొండలెక్కినవాళ్ళ వల్ల వచ్చింది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలెక్కిన మల్లి మస్తాన్‌బాబు నెల్లూరు జిల్లావాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకి అప్పటికి 13 ఏళ్ళు. తోడుగా ఎక్కిన ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఆమెలాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివినవాడు. ఆ తర్వాత తెలుగు జిల్లాల నుంచి కొండలకి వెళ్ళే కుర్రాళ్ళు బాగా పెరిగారు. వెళ్ళొచ్చాక వాళ్ళ స్లీపింగ్ బ్యాగులు ఉండేది మాత్రం మన ఉప్పు గాలిలోనే.

డౌన్ పొంగు పోవడానికి నాలుగు కారణాలు. తేమ, ఒంటి జిడ్డు, చాలాకాలం కుక్కి ఉంచడం, పోగులు విరగడం. చివరిదానికి మందు లేదు. మొదటి మూడింటికీ ఉంది. తేమ ఎంత పని చేస్తుందో దక్షిణ ధ్రువ యాత్రలు చెబుతాయి. 1911 ధ్రువ శీతాకాలంలో పెంగ్విన్ గుడ్ల కోసం నడిచిన ఆప్స్లీ చెర్రీ గరార్డ్ బృందం పడక సంచులు ఐదు వారాల్లో ఒంటి ఆవిరి గడ్డకట్టి రెట్టింపుకి మించిన బరువు తూగాయి. మన దగ్గర మంచు లేదు, అదే ఆవిరి నీరుగా నిలుస్తుంది.

మొట్టమొదట సంచి లోపల ఏముందో లేబుల్ చూసి తెలుసుకోండి. మన బజార్లలో, మాల్స్‌లో దొరికే చవక సంచుల్లో ఎక్కువ శాతం పాలియెస్టర్ పీచువి. ఆ పీచుకి తయారీలోనే నొక్కులు పెట్టి పొంగిస్తారు. కుక్కి కుక్కి ఆ నొక్కులు చదునైతే ఏ ఉతుకూ వాటిని తిరిగి తేదు. ఉతికితే జిడ్డు పోయి కొంచెం లేస్తుంది, అంతే. పాలియెస్టర్ సంచి మీద డబ్బు ఖర్చు పెట్టి బాగుచేయించడం దండగ. ఎండాకాలం పరుపు మీద పరుచుకోవడానికి వాడుకోండి.

డౌన్ అని తేలితే ఒక కొలత, ఒక తూకం తీసుకోవాలి. సంచిని కుదిపి, జిప్పు తీసి ఏసీ గదిలో ఒక రోజంతా పరిచి, ఎత్తు స్కేలుతో కొలిచి, వంటింటి త్రాసులో తూచి రాసుకోండి. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఒక్క రోజుకే సంచి లేచి నిలబడితే మీ సమస్య తేమే. ఉతుకు అవసరం లేదు. సంచిని లైటుకి అడ్డంగా పట్టి చూస్తే నూగు జారిపోయి వెలుతురు వచ్చే గదులు కనబడతాయి. ఆ గదుల్లోకి పక్క నుంచి నూగుని వేళ్ళతో నెమ్మదిగా నెట్టవచ్చు. మెడ దగ్గర, తల దగ్గర ముద్దగా, జిడ్డుగా ఉంటే ఉతకక తప్పదు.

ఉతకడానికి భయపడే అవసరం లేదు. బాతు నీళ్ళలో బతికే పక్షి, తర్వాత పూర్తిగా ఆరబెడితే ఉతికే నీరు నూగుకి శత్రువు కాదు. శత్రువులు మన బట్టల సబ్బుపొడులు. నూగు వెంట్రుకలాగే కెరటిన్ అనే ప్రోటీన్. మరకలు తీసే ఎంజైములు ప్రోటీన్లని కరిగిస్తాయి, ఘాటైన క్షారం నూగు మీది సహజమైన నూనెని తీసేస్తుంది. నూనె పోయిన నూగు పెళుసుగా మారి విరుగుతుంది. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు పోగులకి అంటుకుని పొంగుని అణుస్తాయి. డౌన్ కోసమే చేసిన నిక్‌వ్యాక్స్, గ్రేంజర్స్ సబ్బులు ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. అవే వాడండి, చెప్పిన కొలతకి మించి పోయకండి. మామూలు డ్రై క్లీనింగు ద్రావకాలకి సంచిని అప్పగించకండి, అవీ నూనెని తీసేస్తాయి.

ముందు తలుపున్న యంత్రంలో సున్నితమైన తిప్పుడు మీద ఉతకవచ్చు. పై తలుపు యంత్రాల్లో మధ్య కడ్డీ ఉంటే అది గుడ్డని మెలిపెట్టి లోపలి గదుల గోడలు చింపేస్తుంది. యంత్రం లేకపోతే పెరటి తొట్టి మేలు. సంచిని తిరగేసి గోరువెచ్చని నీళ్ళలో ముంచి కాళ్ళతో మెల్లగా తొక్కితే చాలు. తడిసిన సంచిని ఎప్పుడూ ఒక కొనతో పట్టి ఎత్తకండి. నీటి బరువుకి లోపలి గోడలు తెగుతాయి. రెండు చేతులూ కింద పెట్టి ఒక బిడ్డని ఎత్తినట్టు ఎత్తాలి. నురుగు పోయేదాకా కడగాలి. ఇక్కడ మన తీరానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. సముద్రపు అంచు ఊళ్ళలో చాలా బోర్ల నీరు ఉప్పగా, గడుసుగా ఉంటుంది. ఆ నీటితో చివరి కడుగు కడిగితే ఉప్పుని తీసి ఉప్పునే పెట్టినట్టు. ఆఖరి రెండు కడుగులకి మంచినీళ్ళే వాడండి.

అసలు పరీక్ష ఆరబెట్టడం. పాశ్చాత్య దేశాల్లో పెద్ద డ్రయ్యరులో తక్కువ వేడి మీద మూడు నుంచి ఐదు గంటలు, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పుతారు. బంతులు తగిలి ముద్దలు విడతాయి. డ్రయ్యరు ఉన్న లాండ్రీ మీకు దగ్గర్లో ఉంటే ఆ పద్ధతిని మించింది లేదు. అమెరికాలోని మన పిల్లల ఇళ్ళల్లో ఈ పని ఒక మధ్యాహ్నంతో అయిపోతుంది. మనకి డ్రయ్యర్లు అరుదు. మనకున్నది రోహిణి కార్తె. మే ఆఖర్లో, జూన్ మొదట్లో పడమటి నుంచి వచ్చే వడగాడ్పు మనుషుల్ని చంపేంత పొడిగా ఉంటుంది, నూగుకి అంతకంటే మంచి గాలి ఏడాదిలో ఇంకెప్పుడూ రాదు. పొద్దున్నే డాబా మీద నీడలో, నవారు మంచం మీద పలచని గుడ్డ వేసి సంచిని పరచండి. నేరుగా ఎండలో గంటల తరబడి వేస్తే పై నైలాన్ గుడ్డ బలం తగ్గుతుంది. గంటకోసారి తిరగేసి, ఉండల్ని వేళ్ళతో పట్టి విడదీయండి. మధ్యాహ్నం గాలి తిరిగి సముద్రం వైపు నుంచి రాకముందే లోపలికి తెచ్చి ఏసీ గదిలో పెట్టండి. మర్నాడు మళ్ళీ. మూడు రోజులు పడుతుంది. చేతికి ఆరినట్టే ఉంటుంది, నమ్మకండి. త్రాసుని నమ్మండి. ఉతకముందు ఏసీ గదిలో ఆరాక తూచిన బరువు కంటే ఒక్క 20 గ్రాములు ఎక్కువ ఉన్నా లోపల నీరు ఉన్నట్టే. జిడ్డు పోయింది కాబట్టి నిజానికి కొంచెం తగ్గాలి. కార్తీకం, మార్గశిరాల తుపాను ముసురులో మాత్రం ఎవరూ ఈ పనికి పూనుకోవద్దు. ఆరని నూగు కుళ్ళి కంపుకొడుతుంది, తర్వాత దానికి వైద్యం లేదు.

దూదిలాగే దీన్నీ ఏకవచ్చు కదా అని కొందరు పరుపులు కుట్టేవాళ్ళే అడుగుతుంటారు. వద్దు. నూగు పోగు దూదిపోగులా పొడవైనది కాదు, ముళ్ళ రోలరుకి తగిలితే ముక్కలవుతుంది. కర్రతో దులపడం కూడా అంతే. మన మాగాణుల్లో కోతలయ్యాక మేసే బాతుల మందల ఈకలు నింపుకోవచ్చు కదా అన్నది మరో ప్రశ్న. ఆ బాతుల్ని గుడ్ల కోసం పెంచుతారు. వాటి ఈకల్లో నూగుని వేరుచేసి, కడిగి, క్రిములు చావడానికి వేడిచేసి అందించే ఏర్పాటు లేకుండా అవి పనికిరావు. కాడలున్న ఈకలు గుడ్డని పొడుచుకుని బయటికి వస్తాయి. కుట్టులోంచి నూగు ముక్క ఒకటి తొంగిచూస్తే దాన్ని లాగవద్దు, వెనక నుంచి పట్టి లోపలికి గుంజండి. లాగితే దాని వెంట ఇంకొకటి వస్తుంది.

ఉతికి ఆరబెట్టాక కూడా కొన్ని గదులు ఖాళీగానే ఉంటే కొత్త నూగు నింపడమే మార్గం. 50 నుంచి 100 గ్రాములు చాలు. ఒక్కో గదికి కుట్టు కొంచెం విప్పి, నింపి, మళ్ళీ కుట్టాలి. గాలి తగిలితే నూగు గది నిండా ఎగురుతుంది. ఫ్యాను, ఏసీ ఆపి, దోమతెర లోపల కూర్చుని చేస్తే ఒక్క ముక్క వృథా కాదు. దబ్బనం పట్టిన చేతికి ఇది రాని పనేమీ కాదు. మన పరుపుల కుట్టుపనివాళ్ళకి నేర్పితే విజయవాడ, గుంటూరు ట్రెక్కింగు కుర్రాళ్ళ సంచులన్నీ వాళ్ళ దగ్గరికే వస్తాయని నా గట్టి నమ్మకం.

ఒక మాట చలి గురించి కూడా. లంబసింగిలో చలికి వణికి సంచిని తిట్టేవాళ్ళలో చాలామంది కింద చాప కూడా వేసుకోరు. ఒంటి కింద నూగు బరువుకి పూర్తిగా అణిగిపోతుంది, అక్కడ గాలి ఉండదు, నేల వేడిని లాగేస్తుంది. మందపాటి ఫోము మ్యాటు లేకుండా ఎంత మంచి సంచైనా సగం సంచే. సంచి మీద రాసే ఉష్ణోగ్రత అంకెలు కూడా కింద మ్యాటు ఉందన్న లెక్క మీద చెప్పేవే.

దాచడం తేలిక. కొన్నప్పుడు వచ్చిన చిన్న సంచిలో కుక్కి ఏడాది పొడవునా ఉంచకండి. పాత పత్తి దుప్పటితో పెద్ద గలీబు కుట్టించి, అందులో వదులుగా వేసి, ఇంట్లో అన్నిటికంటే పొడిగా ఉండే గదిలో ఎత్తుగా వేలాడదీయండి. ఇనప్పెట్టె వద్దు, కలరా ఉండలు వద్దు. వాడేటప్పుడు లోపల పలచని నూలు లైనరు వేసుకుంటే చెమట, జిడ్డు దానికే అంటుతాయి. లైనరుని ఎన్నిసార్లైనా ఉతకవచ్చు. అప్పుడు సంచిని కొన్నేళ్ళకోసారి ఉతికితే సరిపోతుంది.

మొత్తం మీద నా తీర్పు ఇది. అట్టకట్టిన పత్తి పరుపుని ఏకిస్తే కొత్తదానికి తీసిపోదు. బూరుగు దిండు కొంతవరకే బాగుపడుతుంది. పాలియెస్టర్ సంచి బాగుపడదు. మంచి డౌన్ సంచి శుభ్రంగా ఉతికి, చుక్క తడి లేకుండా ఆరబెడితే పోయిన పొంగులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది, సరిగా చూసుకుంటే 20 ఏళ్ళు పనిచేస్తుంది. అటక మీద పడి ఉన్న పరుపునీ, బీరువాలో నలిగి ఉన్న సంచినీ ఈ వేసవికి బయటికి తీయండి. వీధిలో దూది ఏకుతామన్న కేక వినిపిస్తే లోపలికి పిలవండి, బేరం మరీ గీచకండి, పని నేర్చుకునే కుర్రాడు వాళ్ళ వెంట ఉంటే వాడికి కూడా కూలి ఇవ్వండి.